ఆసుపత్రి గోడ మీద ఏ బొమ్మ పెట్టాలి? విజయవాడ, గుంటూరు నర్సింగ్ హోమ్‌లకు సమగ్ర మార్గదర్శి

గుంటూరు కొత్తపేటలోనో, విజయవాడ సూర్యారావుపేటలోనో కొత్త ఆసుపత్రి తెరిచేటప్పుడు గోడల మీద బొమ్మల సంగతి ఆఖరి వారంలో గుర్తొస్తుంది. రిసెప్షన్ వెనక గోడ బోసిగా ఉందంటారు. ఇంటీరియర్ చేసే అతను ఫోన్‌లో నాలుగు బొమ్మలు చూపిస్తాడు, డాక్టరుగారు నడుస్తూనే ఒకటి ఓకే చేస్తారు. ఎంచుకున్నవాళ్లు ఆరోగ్యంగా ఉన్నారు, నిలబడి ఉన్నారు, ఆ గోడ ముందు అర నిమిషం కంటే ఎక్కువ ఆగరు. దాన్ని రాత్రీ పగలూ చూడాల్సింది మాత్రం చేతికి సెలైన్ పెట్టించుకుని పడుకున్న మనిషి.

ఈ మార్గదర్శి ఆ పడుకున్న మనిషి వైపు నుంచి రాసినది. ముప్ఫై నుంచి వంద పడకల దాకా ఉన్న ఆసుపత్రి నడిపేవాళ్లు, హెడ్ సిస్టర్లు, క్వాలిటీ పనులు చూసేవాళ్లు దీన్ని దగ్గర పెట్టుకుని ఒక్క వార్డుతో పని మొదలుపెట్టొచ్చు.

ముందుగా, దీనివల్ల లాభం ఉందా?

బొమ్మ రోగాన్ని తగ్గించదు, నొప్పి మందుకు బదులు రాదు. అయితే ఆందోళన, నొప్పిని ఓర్చుకునే శక్తి, నిద్ర అనే మూడింటి మీద చుట్టూ కనిపించేవాటి ప్రభావం ఉంటుంది. అమెరికన్ పరిశోధకుడు రోజర్ ఉల్రిచ్ 1984లో ‘సైన్స్’ పత్రికలో ఒక చిన్న అధ్యయనం ప్రచురించారు. పెన్సిల్వేనియాలోని ఒక ఆసుపత్రిలో 1972–1981 మధ్య పిత్తాశయం ఆపరేషన్ చేయించుకున్నవాళ్ల రికార్డులు తీసి, వయసు, సిగరెట్ అలవాటు లాంటివి సరిపోయేలా 23 జతలు కట్టారు. జతలో ఒకరి కిటికీలోంచి చెట్లు కనపడేవి, రెండోవారికి ఇటుక గోడ కనపడేది. చెట్లు చూసినవాళ్లు ఆపరేషన్ తర్వాత సగటున 7.96 రోజులు ఆసుపత్రిలో ఉంటే, గోడ చూసినవాళ్లు 8.70 రోజులు ఉన్నారు. మొదటివాళ్లకు గట్టి నొప్పి మందుల అవసరం కూడా తక్కువే పడింది.

ఆ తర్వాత స్వీడన్‌లోని ఉప్సలాలో గుండె ఆపరేషన్ అయినవాళ్ల ఎదురుగా ఉల్రిచ్ బృందం రకరకాల చిత్రాలు పెట్టి చూసింది. చెట్ల మధ్య విశాలమైన నీళ్లున్న దృశ్యం చూసినవాళ్లలో ఆందోళన తగ్గింది. గళ్లు, గీతలతో ఉన్న నైరూప్య చిత్రం ఎదురుగా ఉన్నవాళ్లలో, అసలు బొమ్మే లేనివాళ్ల కంటే ఆందోళన ఎక్కువైంది. మనకు పనికొచ్చే మాట ఇదే: తప్పుడు బొమ్మ కంటే ఖాళీ గోడ మేలు. కళలకూ ఆరోగ్యానికీ ఉన్న సంబంధం మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ యూరప్ విభాగం 2019లో 3000కు పైగా అధ్యయనాలను పరిశీలించి నివేదిక ఇచ్చింది. పెద్ద ఆసుపత్రుల్లో ఈ విషయాన్ని ఇప్పుడు అలంకరణ ఖర్చు కింద చూడటం లేదు.

మొదటి మెట్టు: స్ట్రెచర్ మీద పడుకోండి

ఏదీ కొనకముందు డాక్టరుగారు, హెడ్ సిస్టర్, హౌస్‌కీపింగ్ సూపర్‌వైజర్ వంతులవారీగా స్ట్రెచర్ మీద పడుకోవాలి. వార్డ్ బాయ్ వాళ్లను వార్డు నుంచి లిఫ్ట్‌లో ఆపరేషన్ థియేటర్ తలుపు దాకా, మామూలుగా పేషెంట్‌ను తీసుకెళ్లే వేగంతోనే తోసుకెళ్లాలి. కళ్లజోడు ఉన్నవాళ్లు తీసేసి పడుకోవాలి. ఆపరేషన్‌కి తీసుకెళ్లేముందు కళ్లజోడు, పళ్ల సెట్టు, తాళి, గాజులు అన్నీ వార్డులోనే తీయించేస్తాం కదా. ఆ దారిలో పేషెంట్‌కు కనపడేది కళ్లలో కొడుతూ పోయే లైట్లు, ఫాల్స్ సీలింగ్ మీద ఏసీ నీళ్లు కారిన పసుపు మరక, తన మీదుగా మాట్లాడుకునే ఇద్దరి గడ్డాలు. అక్కడ సన్నటి గీతల బొమ్మ వేయిస్తే అది కళ్లజోడు లేని మనిషికి మరో మరకలాగే కనపడుతుంది. కొమ్మ, ఆకు, మబ్బు లాంటి పెద్ద పెద్ద ఆకారాలే అక్కడ పనిచేస్తాయి. మరక ఉన్న పలకలు మార్చడం, కళ్లలో పడే లైట్లకు తొడుగు వేయడం అంతకన్నా ముందు చేయాల్సిన పనులు.

ఫిన్‌లాండ్‌లో ఆర్కిటెక్ట్ ఆల్వార్ ఆల్టో కట్టిన పైమియో క్షయ ఆసుపత్రి 1933లో పూర్తయింది. అందులో రోగుల గదుల కప్పుకి గోడల కంటే ముదురుగా పచ్చ రంగు వేయించారు. పడుకున్నవాళ్లకు రోజంతా కనపడేది కప్పే అని ఆయన గట్టి నమ్మకం. రంగు డబ్బా ఖర్చుతో అయిపోయే ఈ పని మన దగ్గర కూడా చేసుకోవచ్చు.

తర్వాత వార్డుకి రండి. ప్రతి మంచం మీదా దిండుకి తల ఆనించి, కళ్ల దగ్గర ఫోన్ పెట్టి ఒక ఫొటో తీయండి. మంచం తలవైపు కొంచెం ఎత్తి ఇంకొకటి తీయండి. ఆ ఫొటోల్లో కనపడే గోడే మీ గోడ. నేను చూసిన చాలా వార్డుల్లో బొమ్మ మంచానికి తలవైపు, ఆక్సిజన్ పాయింటు పైన ఉంటుంది. ఆ బొమ్మ చూసేది రౌండ్స్‌కి వచ్చిన డాక్టర్లు, పళ్లు తెచ్చిన చుట్టాలు. దాని కింద పడుకున్న మనిషికి అది ఉన్నట్టే తెలియదు. కాళ్లవైపు గోడకు మార్చండి. నిలబడేవాళ్ల కోసమైతే బొమ్మ మధ్యభాగం నేల నుంచి 145–150 సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలని గ్యాలరీల వాళ్లు లెక్క చెబుతారు. వార్డులో ఆ లెక్క వదిలేసి, దిండు మీద తీసిన ఫొటోను బట్టి ఎత్తు నిర్ణయించుకోండి.

రెండో మెట్టు: కిటికీ చూశాకే బొమ్మ

ఉల్రిచ్ చూపించింది కిటికీ గురించి. కాబట్టి డబ్బు ముందు అక్కడ పెట్టాలి. కిటికీకి అడ్డంగా పెట్టిన బీరువా తీయించండి. అద్దాలకు అంటించిన నల్ల ఫిల్మ్ చింపించి, ఎండ పడే వైపు పలచటి బ్లైండ్ పెట్టించండి.

మన ఊళ్ల సమస్య వేరే ఉంది. కొత్తపేట సందుల్లో కిటికీ తీస్తే మూడడుగుల అవతల పక్క బిల్డింగ్ గోడ, ఏసీల వేడి గాలి. అక్కడ నేను చెప్పేది ఒకటే: ఆ గోడనే అడగండి. పక్కవాళ్లతో మాట్లాడి, వాళ్ల గోడకు మీ ఖర్చుతో లేత రంగు వేయిస్తామని, మీ మూడో అంతస్తు కిటికీల ఎదురుగా వచ్చే భాగం వరకు చెట్టు బొమ్మ గీయిస్తామని చెప్పండి. గోడకు ఉచితంగా సున్నం పడుతుందంటే ఒప్పుకునేవాళ్లే ఎక్కువ. మాట మాత్రం కాగితం మీద రాసుకోండి. కిటికీ చట్రం బయట తీగ మొక్కలు పెట్టే వీలుంటే ఇంకా మంచిది. నీళ్లు నిలిచే ట్రేలు మాత్రం వద్దు, డెంగీ దోమకు ఆ మాత్రం నీళ్లు చాలు. ఐసీయూలోకి, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్ల గదుల్లోకి మట్టి కుండీలు రానివ్వకూడదు, మట్టిలో ఫంగస్ ఉంటుంది.

మూడో మెట్టు: ఏ గదిలో ఎవరు, ఎంతసేపు

ఒక తెల్లకాగితం మీద గదులన్నీ రాసి, ఎదురుగా ఎవరు ఎంతసేపు ఉంటారో రాయండి. బొమ్మల ఖర్చు ఆ గంటల లెక్కన పంచుకోవాలి. ఈ లెక్క వేస్తే లాబీకి వచ్చే వాటా తగ్గిపోతుంది. లాబీ ఎలాగూ యజమాని శ్రద్ధతో బాగానే ఉంటుంది.

డయాలసిస్ యూనిట్ దగ్గర కాసేపు ఆగుదాం. ఒక్కో సిట్టింగ్ సుమారు నాలుగు గంటలు, వారానికి రెండు మూడుసార్లు, అవే మంచాలు, అదే గోడ. ఫిస్టులా (డయాలసిస్ సూదులు గుచ్చే రక్తనాళం) ఉన్న చెయ్యి కదపకూడదు కాబట్టి ఒక చేత్తో పేపర్ మడతపెట్టి చదవడం కూడా కష్టమే. ఇక్కడ ఒక్క చూపులో అయిపోయే బొమ్మ రెండో వారానికే విసుగు పుట్టిస్తుంది. చిన్న చిన్న విషయాలు వెతుక్కుంటూ పోయేలా వివరాలున్న పొడవాటి దృశ్యం కావాలి: కాలువ గట్టు, నాట్లు వేస్తున్న ఆడవాళ్లు, కొంగలు, చెరువులో దిగిన గేదెలు, దూరంగా పోతున్న రైలు. ప్రతి మంచం నుంచి వేరే భాగం కనపడాలి. మూడు నాలుగు నెలలకొకసారి బొమ్మ మార్చాలి కాబట్టి గోడ మీద గీయించకుండా పలకల మీద ప్రింట్ చేయించి బిగించండి.

ఐసీయూ బయట కూర్చునేవాళ్లను ఎవరూ పట్టించుకోరు. పిడుగురాళ్ల నుంచో నూజివీడు నుంచో వచ్చి, స్టీలు క్యారియరు పక్కన పెట్టుకుని, తలుపు తెరుచుకున్న ప్రతిసారీ ఉలిక్కిపడి లేచే మనుషులు వాళ్లు. టెన్షన్ అంతా అక్కడే ఉంటుంది. ఆ వరండాలో ప్యాకేజీల రేట్లు, గుండెపోటు లక్షణాలు, కోసిన కిడ్నీ ఫొటోలు ఉన్న ఫ్లెక్సీలు తీసేయండి. ఆ సమాచారం ఓపీలో ఉండాలి. వాళ్లు కూర్చునే చోటుకు ఎదురుగా, కూర్చున్న కంటికి సూటిగా, ఒక పెద్ద ప్రశాంతమైన దృశ్యం పెట్టండి.

ఐసీయూ లోపల మరీ జాగ్రత్త అవసరం. మందుల మత్తులో, జ్వరంలో ఉన్నవాళ్లకు గోడ మీది చుక్కల డిజైన్ పురుగులు పాకుతున్నట్టు, నీడలున్న అడవి మనుషులు దాక్కున్నట్టు కనపడొచ్చు. కళ్లు తమవైపే చూస్తున్న మొహాలు వద్దు. అన్ని మంచాలకూ కనపడేలా పెద్ద అంకెల గడియారం, తేదీ, వారం రాసిన బోర్డు ఉంటే చాలు. పగలో రాత్రో తెలియని అయోమయం నుంచి పేషెంట్‌ను బయటపడేయడానికి సిస్టర్లకు అది బాగా పనికొస్తుంది.

కీమోథెరపీ గదిలో సుడులు తిరిగే డిజైన్లు వద్దు, వాంతి వచ్చేట్టున్నవాళ్లకు అవి ఇంకా ఇబ్బంది.

కాన్పుల వార్డులో అందరూ బొద్దు పాపాయిల పోస్టర్లు పెడతారు. గర్భం నిలవనివాళ్లు, బిడ్డ పుట్టి చనిపోయినవాళ్లు, పిల్లల కోసం ఏళ్ల తరబడి తిరుగుతున్నవాళ్లు కూడా ఆ కుర్చీల్లోనే కూర్చుంటారు. మల్లెపందిరి పెట్టండి, ముగ్గు పెట్టండి, తామరకొలను పెట్టండి. పాపాయిలను టీకాల గదికి పంపండి.

పసిపిల్లల యూనిట్ గురించి ఒక మాట. అక్కడ పసుపు, ఆకుపచ్చ గోడలు, రంగు లైట్లు వద్దు. బిడ్డ ఒంటి మీద కామెర్ల పసుపు, పెదాల నీలం సిస్టర్లు కంటితో పట్టాలి. గోడ రంగు చర్మం మీద పడితే అంచనా తప్పుతుంది. పెద్దవాళ్ల వార్డుల్లో కూడా మంచం తలవైపు గోడ తెలుపుకు దగ్గరగా ఉంచి, రంగులు ఎదుటి గోడకు వాడండి.

నాలుగో మెట్టు: ఏది పెట్టాలి, ఏది వద్దు

విదేశీ పరిశోధనల్లోని ‘ప్రకృతి దృశ్యం’ అంటే స్విట్జర్లాండ్ మంచుకొండలని అర్థం చేసుకుని ఇంటర్నెట్‌లోంచి దింపుకోవద్దు. తెనాలి రైతుకి ఊరట ఇచ్చేది తాను పెరిగిన చోటు. తాటిచెట్ల వరుస, వరిచేలో గాలి, బందరు కాలువ గట్టు, ప్రశాంతంగా ఉన్న రోజున భవానీ ద్వీపం వైపు కృష్ణ, సూర్యలంక తీరం, ఉప్పలపాడు చెరువు పక్షులు. ఉప్పలపాడులో పెలికాన్లు, ఎర్రకాళ్ల కొంగలు చెట్ల మీద కిక్కిరిసి ఉంటాయి. అలాంటి ఇరుకు ఫొటో కాకుండా నీళ్లు, ఆకాశం ఎక్కువగా కనపడేది ఎంచుకోండి.

ఇక్కడివాళ్లకే తెలిసే జాగ్రత్తలు కొన్ని ఉన్నాయి. ప్రకాశం బ్యారేజీ గేట్లన్నీ ఎత్తి నీళ్లు దూకుతున్న ఫొటో చూడ్డానికి గొప్పగా ఉంటుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదలో సింగ్‌నగర్ ఇళ్లలో చిక్కుకున్నవాళ్లు ఈ రోజు మీ పేషెంట్లు. వాళ్ల ఎదురుగా పొంగే నీళ్లు పెట్టకండి. ఎర్రగా పరిచిన మిర్చి కళ్లం గుంటూరుకి గర్వకారణమే, దాన్ని ఓపీ హాల్లో పెట్టుకోవచ్చు. ఆయాసంతో వచ్చినవాళ్ల వార్డులో, ఆపరేషన్ వార్డులో అంత ఎరుపు వద్దు. ఎండిన చెట్టు, ఒంటరి పడవ, పొద్దు గుంకుతున్న దృశ్యం చిత్రకారులకు ఇష్టమైనవి. మంచం మీద ఉన్న పెద్దావిడ వాటిని తన గురించే అనుకుంటుంది. గుడ్లగూబ ఎంత అందంగా గీసినా వద్దు.

ఒంటరి మనిషి మొహాన్ని పెద్ద ఫ్రేములో ఎత్తుగా తగిలించడం కూడా మానుకోండి. మన ఇళ్లలో అలా తగిలించేది చనిపోయినవాళ్ల ఫొటోలనే. వ్యవస్థాపకుల దండ వేసిన పటం ఆఫీసు గదిలో ఉండొచ్చు, వార్డు వరండాలో వద్దు.

దేవుడి పటాల మీద నా అభిప్రాయం సూటిగా చెబుతాను. నమ్మకం పేషెంట్‌కు బలం, దాన్ని అడ్డుకోవద్దు. మంచం పక్క అలమారలో ఎవరి దేవుణ్ని వాళ్లు పెట్టుకునే చోటు ఇవ్వండి. అందరికీ కలిపి ఉన్న గోడ మీద మాత్రం అన్ని మతాలవాళ్లూ హాయిగా చూడగలిగేవి ఉండాలి. అమరావతి శిల్పాల్లోని పద్మం, పూర్ణకుంభం గీతల్లో తీసుకుంటే ఎవరికీ పరాయిగా అనిపించదు.

కొండపల్లి బొమ్మల్ని పిల్లల వార్డులో పెట్టాలని చాలామందికి ఉంటుంది. తెల్ల పొణికి చెక్క మీది రంగుకి తడిగుడ్డ పడదు, పిల్లలు నోట్లో పెట్టుకుంటారు. అసలు బొమ్మలు బిగించిన గాజు పెట్టెలో ఓపీ దగ్గర ఉంచి, వార్డు గోడ మీద ఆ ఏనుగు అంబారీ, ఎడ్లబండి పెద్దగా గీయించండి. పెడన కలంకారీ గుడ్డ కూడా అంతే, ఊరికే వేలాడదీస్తే దుమ్ము పడుతుంది. నాలుగు వైపులా మూసిన ఫ్రేములో పెట్టాలి.

ఇదే బొమ్మలతో దారి కూడా చూపించొచ్చు. ‘రేడియాలజీ’ అని ఇంగ్లిషులో రాసిన బోర్డు చదవలేని అవ్వ, ‘నెమలి దగ్గర ఎడంపక్కకి తిరుగు’ అంటే వెళ్లిపోతుంది. అంతస్తుకొక బొమ్మ, ఒక రంగు పెట్టి లిఫ్ట్‌లో బటన్ పక్కన కూడా అదే అంటించండి. ఆపరేషన్ అయినవాళ్లను నడిపించే వరండాలో వరసగా బొమ్మలుంటే ‘ఇవాళ కొంగల దాకా, రేపు పడవ దాకా’ అని సిస్టర్ చెప్పగలుగుతుంది.

ఐదో మెట్టు: నమూనా ముక్కను తుడిచి చూడండి

వార్డుల్లో తుడవడానికి వాడే హైపోక్లోరైట్ (బ్లీచ్) ద్రావణం రంగుల్ని తినేస్తుంది. అందుకే పూర్తి బొమ్మ ఆర్డరిచ్చే ముందు అరచేతి సైజు నమూనా ముక్క తెప్పించి హౌస్‌కీపింగ్ అమ్మాయిలకు ఇవ్వండి. వాళ్లు మామూలుగా వాడే మందుతోనే వారం పాటు రోజుకు పదిసార్లు తుడవమనండి. రంగు వెలిసినా, అంచు లేచినా ఆ సరుకు వద్దు.

ప్రింట్ షాపులో సన్‌బోర్డు (తేలికైన ప్లాస్టిక్ ఫోమ్ పలక) మీద మ్యాట్ లామినేషన్ అడగండి. మెరిసే లామినేషన్ మీద ట్యూబ్‌లైటు పడితే పడుకున్నవాళ్లకు బొమ్మ కనపడదు, లైటే కనపడుతుంది. ఫ్లెక్సీ వాసన మూసిన గదిలో చాలా రోజులు పోదు, పైగా మెరుస్తుంది. ఫ్రేము వాడితే పై అంచు దుమ్ము నిలవకుండా సన్నగా ఉండాలి, వెనక సందు లేకుండా గోడకు ఆనించి సిలికాన్‌తో మూసేయాలి. ఆ సందులో బల్లులు, బొద్దింకలు చేరతాయి. ఆపరేషన్ థియేటర్ లోపల ఏ బొమ్మా వద్దు.

గోడ మీదే వేయిస్తుంటే ముందు చెమ్మ సంగతి చూడండి. బాత్రూము అవతలి గోడకు ఉప్పు పొంగుతుంటే అక్కడ ఎంత మంచి పెయింటర్ వేసినా ఆర్నెల్లలో పొరలు లేస్తుంది. వాసన తక్కువుండే వాటర్ బేస్ రంగులే వాడించి, ఆ గది ఖాళీ చేసి, వాసన పూర్తిగా పోయాకే పేషెంట్లను పెట్టండి. ఆయాసం ఉన్నవాళ్లకు ఆ వాసనతోనే దగ్గు మొదలవుతుంది.

ఆరో మెట్టు: మేకు కొట్టే ముందు

బిల్డింగ్ ఎలక్ట్రీషియన్, గ్యాస్ లైన్ చూసే అతను పక్కన లేకుండా డ్రిల్లింగ్ వద్దు. గోడల్లో ఆక్సిజన్ పైపులు ఉంటాయి. ఎక్స్‌రే, సీటీ గదుల గోడలు రేడియేషన్ బయటకు రాకుండా కట్టినవి, వాటికి రంధ్రం పెట్టకూడదు. ఎంఆర్‌ఐ గదిలోకి ఇనుప ఫ్రేము, ఇనుప మేకు, స్క్రూడ్రైవర్ కూడా తీసుకెళ్లొద్దు, మిషన్ ఆపేసినట్టు కనపడినా అయస్కాంతం పనిచేస్తూనే ఉంటుంది. మానసిక వైద్యం, డీ-అడిక్షన్ వార్డుల్లో గాజు, కొక్కెం, తీగ ఏవీ ఉండకూడదు, గోడకే గీయించండి. అగ్నిమాపక సిలిండర్, బయటకు వెళ్లే దారి బోర్డు ఏ బొమ్మ వెనకా దాగకూడదు.

ఏడో మెట్టు: చిత్రకారులతో మాట

‘పేరొస్తుంది, ఫ్రీగా వేయండి’ అని అడగొద్దు. డిజైన్‌కి, పనికి, రంగులకి విడివిడిగా డబ్బు రాసుకోండి. విజయవాడలో స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ ఉంది, దారి బోర్డులు, గదుల ప్లాన్ లాంటి వాటికి అక్కడి విద్యార్థుల్ని సంప్రదించొచ్చు. వచ్చినవాళ్లను కూడా ముందు దిండు మీద పడుకోబెట్టండి.

రేపు గోడ పగలగొట్టాల్సి వస్తే ఏం చేయాలో ఒప్పందంలో రాయండి. 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 57 కింద, బొమ్మ అమ్మేశాక కూడా దాన్ని పాడుచేయకుండా అడ్డుకునే హక్కు చేసినవాళ్లకు ఉంటుంది. ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌లో శిల్పి అమర్‌నాథ్ సెహగల్ చేసిన కంచు కుడ్యశిల్పాన్ని 1979లో తీసి గోదాములో పడేస్తే, 2005లో ఢిల్లీ హైకోర్టు ఆయన పక్షాన తీర్పిచ్చింది. ఇక పేషెంట్ల ఫొటోలు వాడాలంటే, డిశ్చార్జ్ అయ్యాక, కుదురుగా ఉన్నప్పుడు, రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి.

ఎనిమిదో మెట్టు: పెట్టాక అడగండి

బొమ్మలు పెట్టడానికి ముందు నెల, పెట్టాక నెల అవే ప్రశ్నలు అడగాలి. రాత్రి నిద్ర పట్టిందా? ఎదురుగా ఉన్నదాన్ని చూస్తే ఏమనిపించింది? తీసేయమంటారా? ఈ మూడూ చాలు. డాక్టరుగారు అడిగితే అందరూ ‘బాగుంది సార్’ అంటారు, కాబట్టి భోజనం ట్రే తీసుకెళ్లే ఆయమ్మను అడగమనండి. రాత్రి డ్యూటీ సిస్టర్ల మాట ప్రత్యేకంగా వినండి. పగలు బాగున్న బొమ్మ రాత్రి చిన్న లైటులో భయపెడుతోందని మొదట తెలిసేది వాళ్లకే. ఒక్క పేషెంట్ ‘ఇది వద్దమ్మా’ అన్నా ఆ మంచం ఎదురుగా ఉన్నది ఆ రోజే మార్చేలా రెండు పలకలు స్టోర్‌లో అదనంగా ఉంచుకోండి.

స్టోర్ రిజిస్టర్‌లో ప్రతి బొమ్మకూ పెట్టిన తేదీ, వేసినవాళ్ల పేరు, తుడిచే మందు, వచ్చిన ఫిర్యాదులు రాయించండి. వెలిసిపోయినది, అంచు లేచినది వెంటనే దింపేయాలి. పాడైన బొమ్మ చూసి ‘ఇక్కడ ఎవరూ పట్టించుకోరు’ అనుకుంటారు పేషెంట్లు. మొదటి వార్డు రిజిస్టర్ మూడు నెలలు నిండాక, దాన్ని హెడ్ సిస్టర్‌తో కూర్చుని చదివి, అప్పుడు రెండో వార్డు మంచాల మీద పడుకుని ఫొటోలు తీయడం మొదలుపెట్టండి.